కొట్టేసిన మంచి వాక్యం

హాస్టల్ గది, కిటికీ పక్క మంచం
వేసవి సెలవుల మొదటి వారం

పిన్నీ,

ఈ ఉత్తరం చదివేముందు నోట్లో గుండుసూదులుంటే తీసి పక్కన పెట్టు. నవ్వావంటే మింగేస్తావు.

నాకు ఉద్యోగం వచ్చింది! సెలవుల వరకే అనుకో. మత స్వేచ్ఛ మీద ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది కదా, ఎవరి ప్రార్థనలకి ఎక్కడ ఎవరు అడ్డుపడుతున్నారో ఊరూరా తిరిగి విన్నారు కదా, వాళ్ళ నివేదిక ఇప్పుడు అచ్చుకి వెళ్ళబోతోంది. అందులో అచ్చుతప్పులు పట్టే పని నాది. చిన్నప్పుడు బిస్కెట్ పొట్లాల మీద అక్షరాలు కూడా వదలకుండా చదివేదాన్నని చిట్టెలుక అని పేరు పెట్టావు. ఇప్పుడు ఎలుకకి జీతం ఇస్తున్నారు.

మొదటిరోజే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇక్కడ చదివింది బయట చెప్పకూడదు, రాయకూడదు, సైగ చేయకూడదు. సైగ అన్న మాట నిజంగానే ఉంది పిన్నీ! మనుషులు ఎన్ని రకాలుగా రహస్యాలు చెప్పుకుంటారో ఎవరో కూర్చుని ఆలోచించి రాసి ఉంటారు. ఆ రాసినవాళ్ళెవరో గానీ నాకు ముచ్చటేసింది. గేటు దగ్గర ఫోన్లు తీసుకుని చెక్కపెట్టెలో పెడతారు, సాయంత్రం సంచీలు వెతుకుతారు. నువ్వు ఫోన్ చేస్తే కొట్లో అందరూ వింటారని ఉత్తరాలే రాస్తావు కాబట్టి మనకి నష్టం లేదు.

పని ఎలా ఉంటుందో చెప్పొచ్చు, అది రహస్యం కాదు. తలుపులు మూసిన గదిలో ఇద్దరిద్దరం కూర్చుంటాం. ఒకరు రాతప్రతి పైకి చదువుతారు, ఇంకొకరు అచ్చుప్రతిలో సరిచూస్తారు. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా నోటితో చదవాలి. నా జంట ఒక పెద్దాయన. అందరూ కామాగారు అంటారు. ఏం చదివినా పాఠం అప్పజెప్పినట్టు ఒకే గొంతుతో చదువుతారు. ఇంట్లో కూడా "టీ అయిందా ప్రశ్నార్థకం" అంటారని ఇక్కడ చెప్పుకుని నవ్వుతారు. నేనూ నవ్వాను. నిన్న మెస్‌లో వడ్డించే ఆవిడతో "ఇంక చాలు ఫుల్‌స్టాప్" అన్నాను.

అమ్మకి నువ్వే చెప్పు. నేను చెప్తే జీతమెంతని అడుగుతుంది.

నీ చిట్టెలుక


కుట్టుకొట్టు, మెట్ల కింద

చిట్టెలుకా,

సూదులు తీసే చదివాను. కొలతలు ఇవ్వడానికొచ్చిన ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది. నేనేమో టేపు ఆవిడ నడుం చుట్టూ వేసి, నీ ఫుల్‌స్టాప్ గుర్తొచ్చి ఫక్కున నవ్వాను. ఆవిడ ముఖం చూడాలి! ఇంక జన్మలో నా కొట్టుకి రాదు.

మీ అమ్మకి చెప్పాను. ఏమీ అనలేదు. సంతోషమైనా దుఃఖమైనా మీ అమ్మ మడిచి లోపలికి కుట్టేస్తుంది కదా. ఈ మాటే అంటే పక్క గడియారాల కొట్టాయన, "అమ్మా, నీ మాటకి లేబుల్ అక్కర్లేదు, కళ్ళు మూసుకుని విన్నా మెట్ల కింద కొట్టుదని ఊరంతా చెప్తుంది" అన్నాడు. బడిపిల్లలు కూడా మార్కులు తక్కువొస్తే "మడిచి లోపలికి కుట్టేశాం" అంటున్నారట. వాళ్ళ అమ్మలు వచ్చి నాతో పోట్లాడుతున్నారు.

మన పాటల గదికి సీలు అలాగే ఉంది. పోయినేడు అనుమతి కాగితం లేదని మూసినవాడు, ఆ కాగితం ఎక్కడిస్తారో ఇంతవరకూ చెప్పలేదు. ఆ సీలాయనే వారానికోసారి వచ్చి, మైనం చెక్కుచెదరలేదని వేలితో తడిమి చూసి వెళ్తాడు. మేం ఇళ్ళలోనే కొద్దికొద్దిమందిగా చేరి, గొంతు తగ్గించి ప్రార్థన పాటలు పాడుకుంటున్నాం. మొన్న మా ఇంట్లో పాడుతుంటే ఎవరో తలుపు తట్టారు. అందరం బిక్కచచ్చిపోయాం. తీరా చూస్తే పక్కింటావిడ. "రెండో చరణం నుంచి వినబడట్లేదు. బట్టలుతుక్కుంటూ వింటున్నాను, కాస్త గట్టిగా పాడండి" అంది.

ఇంతకీ, ప్రభుత్వ నివేదికలతో నాకేం పనిలే, ఊరికే అడుగుతున్నాను. అందులో మనుషులు మాట్లాడింది మాట్లాడినట్టే వేస్తారా, మార్చి వేస్తారా? పేర్లు వేస్తారా? లావుపాటి పుస్తకమా? ఎప్పుడు బయటికొస్తుంది? జవాబు చెప్పకపోయినా ఫర్వాలేదు. చెప్తే మంచిదే.

పిన్ని


హాస్టల్ గది

పిన్నీ,

ప్రభుత్వ నివేదికలతో పనిలేదంటూనే అన్ని ప్రశ్నలు వేశావేం? పన్ను కాగితం వస్తే చదవకుండా కాలరు ఆకారంలో కత్తిరించుకునే మనిషివి నువ్వు! ఎండ గానీ తగిలిందా?

ఒక్కదానికీ జవాబు చెప్పను. లావుపాటిదో కాదో కూడా చెప్పకూడదట. కామాగార్ని అడిగాను. "మందం చెప్తే పేజీలు లెక్కేస్తారు కామా పేజీలు లెక్కేస్తే ఊళ్ళు లెక్కేస్తారు ఫుల్‌స్టాప్" అన్నారు.

నా సంగతులు మాత్రం బోలెడు. "యథాతథం" అన్న మాట మీద నాకు ప్రేమ పుట్టింది. పలికి చూడు, ఏది ఎలా ఉందో అలాగే తెచ్చి బల్ల మీద పెట్టినట్టుంటుంది. "ఇందుమూలముగా" అన్నది మాత్రం కండువా వేసుకుని గుమ్మంలో దగ్గే మనిషిలా ఉంటుంది. రోజంతా ఇలాంటి మాటల మధ్య కూర్చుంటే జీతం నేనే వాళ్ళకి ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వన్లే.

ఒక కోరిక చెప్తాను, అమ్మతో అనకు. కామాగారు వచ్చే ఏడు ఉద్యోగం నుంచి దిగిపోతారు. ఈ నివేదికని చివరి పేజీ దాకా చదివినవాళ్ళలో ఒకర్ని ఆ కుర్చీకి ఎంచుకుంటారట. నా చదువు కూడా అప్పటికి అయిపోతుంది. నాకు ఆ కుర్చీ కావాలి పిన్నీ. ఒక కాలు కుంటి, కింద అట్టముక్క పెట్టారు, అయినా అదే కావాలి. ఇప్పటికి ఒక్క తప్పు కూడా నా చెయ్యి దాటిపోలేదని కామాగారు మా పై అధికారి పెద్దావిడతో చెప్పారట. ఆయన నోటంట మెచ్చుకోలు రావడం ఈ ఆఫీసులో ఎవరూ ఎరగరు.

రేపటి నుంచి సాక్షులు చెప్పిన మాటలు చదువుతాం. అంతకంటే ఒక్క ముక్క రాయను. నాకిప్పుడే నిద్ర పట్టేలా లేదు.

నీ చిట్టెలుక


విచారణ సంఘం కార్యాలయం, చదువు గది

గౌరవనీయులైన సంపాదక అధికారి గారికి,

నమస్కారం. మూసిన కవరులో ఈ ఉత్తరాన్ని మీ చేతికే ఇస్తున్నాను. ఇది ఇంకెవరూ చదవకూడదని నా మనవి.

ఈ ఉదయం నా జంట పాఠకులు పేరు లేని ఒక సాక్షి మాటలు చదివారు. అవి ఇవి:

"వాళ్ళు తలుపుకి తాళం వేశారంటే నేనొప్పుకోను. మా పాటని మడిచి లోపలికి కుట్టేశారు. పైకి కుట్టు కనబడదు. విప్పినప్పుడు గానీ ఎంత గుడ్డ పోయిందో తెలీదు."

చదివాక ఆయన ఆగిపోయారు. ఫుల్‌స్టాప్ అనడం మర్చిపోయారు. తర్వాత, "ఈ నివేదికంతటికీ ఇదే మంచి వాక్యం" అన్నారు. నా అభిప్రాయమూ అదే. దాన్ని తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం.

ఈ సాక్షి మా పిన్ని. ఆమె నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు. నివేదికలో "ఒక స్త్రీ" అని మాత్రమే ఉంది. ఊరు లేదు, చేసే పని లేదు. అంత జాగ్రత్తా తీసుకున్నారు. కానీ "మడిచి లోపలికి కుట్టేయడం" అన్నది ఆమె ఊతపదం. మా ఊళ్ళో బడిపిల్లలకి కూడా అది ఎవరి మాటో తెలుసు. నేను ఒక్కసారి వినగానే గుర్తుపట్టాను. నేను గుర్తుపట్టానంటే వాళ్ళూ గుర్తుపడతారు. ఆమెది కుట్టుకొట్టు. ఆ కొట్టు లైసెన్సు మీద ఏటేటా సంతకం పెట్టేదీ, ప్రార్థన గదికి సీలు వేసిందీ ఒకే అధికారి. ఆయన ఆ వాక్యం చదివిన రోజున కొట్టు మూతపడుతుంది. ఆమెకి ఇంకో ఆధారం లేదు.

సాక్షి బంధువైతే వెంటనే తెలపాలనీ, తెలిపిన తర్వాత ఆ నివేదికని ముట్టుకోకూడదనీ నేను సంతకం పెట్టిన కాగితంలో ఉంది. చదివే సంతకం పెట్టాను. అందుకే తెలుపుతున్నాను.

ఇట్లు,
మీ విధేయురాలు


విచారణ సంఘం కార్యాలయం, సంపాదక అధికారి గది

అమ్మాయీ,

ఉత్తరం అందింది. నిబంధన నిబంధనే. రేపటి నుంచి నువ్వు చదువు గదిలోకి రాకూడదు. చివరి పేజీ దాకా చదివినవాళ్ళలో నీ పేరు ఉండదు. దాని వల్ల నీకు పోయేదేమిటో నాకు తెలుసు. తెలిసే రాశావని కూడా అర్థమైంది.

సాక్షుల మాటలు నేనూ చాలాసార్లు చదివాను. ఊళ్ళ పేర్లు కొట్టేశాం, వృత్తులు కొట్టేశాం, వయసులు కొట్టేశాం. మాట తీరు కూడా మనిషిని పట్టిస్తుందని నాకు తోచలేదు. మిగిలిన సాక్షుల మాటలన్నీ ఈ కంటితో మళ్ళీ చూస్తాను.

వెళ్ళేముందు ఒక పని. ఆ వాక్యాన్ని నువ్వే తిరగరాయి. ఎక్కడెక్కడ ఆమె గొంతు వినబడుతుందో నీకొక్కదానికే తెలుసు. విషయం పోకూడదు, మనిషి కనబడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అందంగా రాయకు. నీకు అది కష్టమని తెలుసు.

పార్సిళ్ళ విభాగంలో మనుషులు తక్కువగా ఉన్నారు. సోమవారం అక్కడికి వెళ్ళు. మీ పిన్నిగారితో ఈ సంగతి ఎప్పటికీ అనకూడదు. నివేదిక వచ్చాక కూడా. ఎవరితోనూ చెప్పనని ఆవిడా మాకు మాట ఇచ్చారు. నీ ఉత్తరం చూస్తే నిలబెట్టుకున్నట్టే ఉంది.

సంపాదక అధికారి


హాస్టల్ గది
మొదటి వాన పడిన సాయంత్రం

పిన్నీ,

నన్ను పార్సిళ్ళ విభాగానికి మార్చారు. ఎందుకో అడక్కు. తప్పేమీ చేయలేదు, ఎవరూ తిట్టలేదు. చిరునామాలు అంటిస్తాను, పురికొస కట్టు కడతాను. జిగురు వేళ్ళకి అంటుకుని రాత్రి పుస్తకం తిప్పితే పేజీ నాతోనే వస్తుంది. ఇక్కడి కిటికీ లోంచి చెట్టు కనిపిస్తుంది. చదువు గదిలో కిటికీలే తెరిచేవాళ్ళు కాదు. బాగానే ఉంది.

కామాగారు టీ వేళకి నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. ఏమీ అడగరు. కొత్త జంట కామాలు మింగేస్తోందని మాత్రం ఫిర్యాదు చేస్తారు.

పిన్నీ, పోయినవారం నా జీవితంలోకెల్లా చప్పటి వాక్యం రాశాను. ఎంత కష్టపడ్డానో! రాసిందల్లా చదువుకుంటే ఎక్కడో ఒక మాట కాస్త బాగుండేది. దాన్ని కొట్టేసేదాన్ని. చివరికి ఉప్పూ కారం లేని వాక్యం తయారైంది. చూసి ఏడవాలో గర్వపడాలో తెలియలేదు. ఎక్కడ రాశానో, ఎందుకో అడక్కు.

ఆ కుర్చీ సంగతి నీతో అన్నాను కదా. మర్చిపో.

నీ చిట్టెలుక


కుట్టుకొట్టు

చిట్టెలుకా,

ఏమైందే? తప్పు చేయని పిల్లని పురికొస కట్టడానికి ఎవరు పంపిస్తారు? పై అధికారికి ఎదురుచెప్పావా? నీ ఉత్తరంలో "బాగానే ఉంది" అని రాశావు. బాగున్నవాళ్ళు "బాగుంది" అంటారు. మధ్యలో ఆ "నే" ఎందుకొచ్చింది? మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. అక్కడికి బయల్దేరుతుందని భయం.

ఇక్కడ వానలు. ఒక సంగతి, పెద్ద విశేషమేం కాదు. పత్రికలో పడిందట, గడియారాల ఆయన చదివి వినిపించాడు. సాక్షులు ఎవరెవరో పేర్లు ఇస్తేనే నివేదిక బయటపెడతామని మంత్రి అన్నాడట. పేర్లు ఇస్తారా? నీకు తెలిస్తే కూడా చెప్పవులే. నాకేం, భయపడాల్సింది మాట్లాడినవాళ్ళు. ఎవరో గానీ పాపం, తిండి సహిస్తోందో లేదో.

సీలాయన ఈమధ్య రోజూ వీధిలోనే తిరుగుతున్నాడు. మన ఊరి నుంచి కూడా ఎవరో వెళ్ళి చెప్పారని ఆయనకి అనుమానం. టీకొట్టు దగ్గర నిలబడి, "ఆ నోరు ఎవరిదో తెలిసిన రోజు చూస్తాను" అన్నాడట. నా లైసెన్సు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. పోయినవారం వెళ్తే రేపు రమ్మన్నాడు. రేపు వెళ్తే మళ్ళీ రేపు రమ్మన్నాడు.

నేను బాగున్నాను. కాకపోతే నిన్న ఒక పంట్లానికి రెండూ ఎడమ కాళ్ళే కత్తిరించాను. కత్తెర పట్టిన దగ్గర్నుంచి ఎన్నడూ జరగని పని.

పిన్ని


పార్సిళ్ళ విభాగం, భోజనం వేళ

పిన్నీ,

ఇందులో రాసేదంతా పత్రికల్లో అచ్చయినదే. ఒక్క ముక్క కూడా లోపలిది కాదు.

సంఘం మంత్రిగారికి జవాబిచ్చింది. పేర్లు ఇవ్వం, అడిగినా ఇవ్వం, కోర్టు అడిగినా ఇవ్వం, చెప్పినవాళ్ళకి మాట ఇచ్చాం అని. పేర్లు లేకుండా వద్దనుకుంటే నివేదిక మా బీరువాలోనే ఉంటుంది అని కూడా రాశారు. సంపాదక అధికారిగారు పత్రికలవాళ్ళ ముందు నిలబడి ఇది చదివారు. మేమంతా మెట్ల మీద నుంచి చూశాం.

కాబట్టి ఆ మాట్లాడినవాళ్ళు, ఎవరైనా సరే, హాయిగా తినొచ్చు, నిద్రపోవచ్చు. నువ్వు కూడా. అంటే, వాళ్ళ గురించి బెంగపడటం మానేసి నువ్వు కూడా అని.

ఆ రెండు ఎడమ కాళ్ళ పంట్లాం ఎవరిది? నువ్వు జవాబు రాసేదాకా నాకు ఇదే ధ్యాస.

నీ చిట్టెలుక

తా.క. కవరు అంటించాక మళ్ళీ విప్పాను. మంత్రిగారు ఒప్పుకున్నారు! వచ్చే సోమవారం విడుదల. సాయంత్రం వార్తల్లో చెప్పారు. మన ఊరి గ్రంథాలయం ప్రతి మీద చిరునామా నేనే అంటించాను. ఇది చెప్పొచ్చు, గ్రంథాలయాల పట్టిక గోడకే ఉంది.


కుట్టుకొట్టు
గ్రంథాలయం నుంచి ఇప్పుడే వచ్చి

చిట్టెలుకా,

వచ్చింది. చూశాం. పాటలవాళ్ళం అందరం వెళ్ళాం. బల్ల చుట్టూ మూగితే గ్రంథాలయం అమ్మాయి, "ఒక్కొక్కరు రండి, పుస్తకానికి గాలాడాలి" అంది. తర్వాత తనే పైకి చదివింది. మూసేసిన ప్రార్థన స్థలాల పట్టికలో మన గది ఉంది! తగిన కారణం లేకుండా మూశారనీ, వెంటనే తెరవాలనీ రాశారు. మీ అమ్మ అక్కడే, అందరి ముందరే ఏడ్చేసింది. నేనైతే ఆ పేజీ కత్తిరించి ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు.

సంతోషంగానే ఉంది. మనసు నిండిపోయింది. కానీ ఒక్క మాట అనకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

సాక్షుల మాటలని ఒక భాగం ఉంది. అందులో ఒకావిడ చెప్పిందట, విను, నేను కాగితం మీద దించుకొచ్చాను: "సదరు ప్రార్థనా స్థలమును మూసివేయుట వలన స్థానిక సభ్యులు తమ ఆరాధనను బహిరంగముగా నిర్వహించుకొనుటలో ఇబ్బందులను ఎదుర్కొనుచున్నారని, సదరు నష్టము పైకి కనిపించునది కాదని ఒక స్త్రీ తెలియజేసినారు."

తెలియజేసినారట! నోరున్న ఆడది ఎవరైనా ఇలా మాట్లాడుతుందా? సదరు ఏమిటే, సదరు? ఆవిడెవరో నాకు తెలీదు. నాకెలా తెలుస్తుంది? కానీ బ్రహ్మాండంగా చెప్పి ఉంటుందని నా నమ్మకం. చెప్పినప్పుడు రాసుకునేవాళ్ళు కలం ఆపి ఆవిడ ముఖం వంక చూసి ఉంటారు. అలాంటి మాటని పట్టుకుని మీ ఆఫీసులో ఏ మొద్దు రాచిప్ప ఇలా ఉడకేసి పిప్పి చేసిందో! దొరికితే నా ఇస్త్రీపెట్టెతో ఒక్కటి ఇస్తాను.

ఆ పంట్లాం సీలాయనదే. ఇంకా ఇవ్వలేదు.

పిన్ని


హాస్టల్ గది

పిన్నీ,

గది పట్టికలో ఉందని రాసిన చోట నీ సిరా అలుక్కుపోయింది. మీ అక్క ఒక్కతే ఏడ్చిందా?

ఆ వాక్యం చప్పగా ఉందన్నావు. ఉంది. నేనూ చదివాను, అచ్చయ్యాక, అందరిలాగే. కానీ ఆ మొద్దుని ఇస్త్రీపెట్టెతో కొట్టకు. ఏ తిప్పలు పడి రాశారో మనకేం తెలుసు? తప్పులైతే ఒక్కటీ లేవు.

కాలేజీ మొదలైంది. ఆ కుర్చీకి ఇంకొకరిని ఎంచారు. నెమ్మదైన అబ్బాయి, కామాలు మింగడు. నాలుగు రోజులు బాధపడ్డాను, ఐదోరోజు కామాగారు హాస్టల్‌కి మనిషిని పంపారు. మురుగుకాలువల మీద నివేదిక ఒకటి వస్తోందట. సాయంత్రాలు చదవడానికి జంటగా నేనే కావాలన్నారట. అందులో బంధువులెవరూ ఉండరని సంపాదక అధికారిగారు నవ్వారట. ఎందుకు నవ్వారో నాకు తెలీదు.

నీ చిట్టెలుక


కుట్టుకొట్టు
చలి మొదలైన ఉదయం

చిట్టెలుకా,

సూదులు తీసి చదువు. ఇప్పుడు నా వంతు.

సీలాయన వచ్చాడు. చంకలో ఆ నివేదిక. వస్తూనే, "పంట్లాం అయిందా?" అన్నాడు. "అవుతోందండీ, మీ కాళ్ళ కొలతలు కాస్త కొత్తగా ఉన్నాయి" అన్నాను. బల్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నీ కొట్టుకి ఊరంతా వస్తారు. ఎవరు ఎలా మాట్లాడతారో నీకు బాగా తెలుసు. ఇది విని చెప్పు, ఎవరి మాటలా ఉంది?" అని పుస్తకం తెరిచి, ఆ సదరు వాక్యం చదివాడు.

నా చేతిలో టేపు జారింది. భయపడ్డాను. ఒక్క క్షణమే. ఎందుకంటే పిల్లా, ఆయన అంత శ్రద్ధగా చదివి, ముఖం పైకెత్తి నా వంక చూస్తే, ఆ ముఖంలో నేను లేను. ఆయనకి ఏమీ తెలీదు. ఆ వాక్యంలో వెతకడానికి మనిషే లేదు.

"మళ్ళీ చదవండి" అన్నాను. చదివాడు.

"మూసివేయుట వలన అన్నారు కదా. ఎదుర్కొనుచున్నారనీ అన్నారు. సదరు అని రెండుసార్లు." కాస్త ఆలోచించినట్టు గోడ వంక చూశాను. "అలా మాట్లాడేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారండీ? మీరొక్కరే."

గడియారాల ఆయనకి దగ్గు తెర వచ్చింది. వీధి అవతలికి వెళ్ళి దగ్గాడు.

"నేనా! నేనెందుకు చెప్తాను!" అని లేచాడు సీలాయన.

"మీరు చెప్పారని నేననలేదే. ఎవరి మాటలా ఉందని అడిగారు, చెప్పాను. కావాలంటే టీకొట్టు దగ్గర ఇంకో నలుగురికి చదివి వినిపిద్దాం రండి."

"వద్దు వద్దు. ఆడది అని ఉంది కదా ఇందులో?"

"గుర్తుపట్టకుండా ఆడ అని మార్చి ఉంటారని మీ పైవాళ్ళు అనుకుంటే?"

కూర్చున్నాడు. చెమట తుడుచుకున్నాడు. జేబులోంచి నా లైసెన్సు కాగితం తీసి, నా బల్ల మీదే సంతకం పెట్టి, "ఈ మాట ఇంకెక్కడా అనకమ్మా" అన్నాడు. ఆ వారమే గది తెరవమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సీలు తీయడానికి తనే వచ్చాడు. మైనం గీకడానికి ఏమీ తెచ్చుకోలేదు. నా పాత కత్తెర ఇచ్చాను. ఆదివారం గది నిండా పాడాం. ఏడాదిగా గొంతు తగ్గించి పాడీ పాడీ గట్టిగా ఎలా పాడాలో మర్చిపోయాం. మొదటి పాటంతా తలా ఒక శృతిలో పోయింది. మీ అమ్మ నవ్వీ నవ్వీ బెంచీ మీద పడుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. సంతకం పెట్టిన రోజు ఆయన కొట్లోంచి వెళ్ళిపోయాక, జారిన టేపు తీసి చుట్టి పెట్టాను. ఆ మొద్దు వాక్యం ఎంత మంచి పని చేసిందో అప్పటికి నా బుర్రకి ఎక్కింది. తర్వాత నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. వానల్లో రాసినది రెండుసార్లు చదివాను. ఆ ఉత్తరం పొయ్యిలో పడిపోయింది. పొరపాటున. నా చేతిలోంచే పడింది.

నేనేమీ అడగను. నువ్వేమీ చెప్పకు. ఆ సాక్షి ఎవరో నాకు తెలీదు, ఆ వాక్యం రాసినవాళ్ళెవరో నీకు తెలీదు. కానీ ఆ రాసిన మనిషి ఏదో పోగొట్టుకుని ఉంటుందని నాకు అనిపిస్తోంది. మొద్దు అన్నందుకు ఆ మనిషికి ఒక కోటు కుట్టాలనుంది. నా దగ్గర ముదురు నీలం ఉన్ని గుడ్డ ఉంది, దేనికో దాచాను, ఎందుకో ఇప్పుడు గుర్తులేదు. మీ ఆఫీసులో వాకబు చేసి కొలతలు పంపు.

పిన్ని


హాస్టల్ గది

పిన్నీ,

వాకబు చేశాను. ఆ మనిషి ఎవరో ఎవరికీ తెలీదు. తెలిసినా చెప్పకూడదని అందరం సంతకాలు పెట్టాం. ఆ కాగితం మళ్ళీ తీసి మొదటి నుంచి చదివాను. చెప్పకూడదు, రాయకూడదు, సైగ చేయకూడదు అని ఉంది. కోటు తొడుక్కోకూడదని మాత్రం ఎక్కడా లేదు.

అందుకని ఊరికే ఊహించి రాస్తున్నాను, తప్పయితే నీ దురదృష్టం. పోయినేడు నాకు కుట్టిన దానికంటే చేతులు ఒక అంగుళం పొడుగు పెట్టు. భుజాలు అంతే. ప్రూఫుల మీద వంగి చదివే మనుషులకి వీపు దగ్గర కాస్త వదులు కావాలి. జేబులు లోతుగా ఉండాలి, పుస్తకం పట్టాలి. గుండీలు ఎలాంటివైనా ఫర్వాలేదు, నీ ఇష్టం.

తొందరగా కుట్టు పిన్నీ. ఇక్కడ చలి బాగా ఉంది, ఆ మనిషి పొద్దున్నుంచి వణుకుతోంది.

నీ చిట్టెలుక